ఒకే నంబరు, మూడొందల పన్నెండు మంది

ఒకప్పటి టెలిఫోన్ బూత్. అద్దం తలుపు పక్కన కుర్చీలో డెబ్భై ఏళ్ళావిడ. ఎదురుగా స్టూలు మీద, ఒళ్ళో లాప్‌టాప్‌తో, హెడ్డాఫీసు నుంచి వచ్చిన యువ అధికారి. సాయంత్రం నాలుగు గంటలు.

"అది కాదమ్మగారూ, నేనడిగేది వేరు. ఈ ఫోన్ నంబరు మీదేనా, కాదా?"

"నాదే. నలభై ఏళ్ళ నుంచీ నాదే. టీ తాగుతావా?"

"వద్దండీ. మరి ఈ ఒక్క నంబరు మీద మూడొందల పన్నెండు మంది ఎందుకున్నారు?"

"మూడొందల పన్నెండేనా? ఇంకా ఎక్కువనుకున్నానే. చక్కెర ఎక్కువ వెయ్యనా, తక్కువ వెయ్యనా?"

"టీ వద్దన్నాను కదండీ."

"నువ్వు వద్దంటే పొయ్యి మీద పెట్టింది ఆగుతుందా నాయనా? నువ్వు చెప్పు, నేను వింటున్నా."

"చూడండి, దేశం మొత్తానికీ ఒకే పట్టిక తయారవుతోంది. పుట్టినవాళ్ళూ, ఉన్నవాళ్ళూ, పోయినవాళ్ళూ, అందరూ అందులోనే. ఆస్పత్రి కార్డయినా, బడిలో సీటయినా, టీకాలయినా, ఇక మీదట అదే ఆధారం. ఆ పట్టికలో ఒక నంబరు మీద ఆరుగురికి మించి ఉండకూడదు."

"ఎందుకుండకూడదు?"

"దొంగపేర్లు ఎక్కిస్తారని."

"ఎవరు?"

"ఎవరో ఒకరు."

"నేనా?"

"నేనలా అనలేదు."

"అనలేదు. అన్నట్టు చూశావు."

"అమ్మగారూ, టైము లేదు. ఐదింటికి పట్టికకి తాళం పడుతుంది. ఆలోగా ఈ సంగతి తేలకపోతే, మొదటి ఆరుగురినీ ఉంచి మిగతా మూడొందల ఆరు పేర్లూ కంప్యూటరే తీసేస్తుంది."

"తీసేస్తే మళ్ళీ పెట్టుకోవచ్చుగా?"

"వచ్చే విడతలో. ఆర్నెల్లు ఆగాలి."

"ఆర్నెల్లే! ఒరి నాయనో! ఆ మూడో ఇంటి పిల్లకి తొమ్మిదో నెల. ఆస్పత్రి వాళ్ళు కార్డు చూపించందే గడప తొక్కనివ్వరు. దాని నొప్పులు ఆర్నెల్లు ఆగుతాయా?"

"అందుకే కదండీ పడుతూ లేస్తూ వచ్చాను. చెప్పండి, ఎవరు వీళ్ళంతా?"

"మనుషులు."

"మనుషులేనని రుజువు కావాలి."

"ఎక్కడ కూర్చున్నావో తెలుసా నువ్వు? ఆ రోజుల్లో ఈ వీధి మొత్తానికీ ఫోనంటే ఇదొక్కటే. ఉద్యోగం వచ్చిందన్నా, పిల్ల పుట్టిందన్నా, సంబంధం కుదిరిందన్నా, కుదరలేదన్నా, ముందు నా చెవిన పడాల్సిందే. అవతలి వాళ్ళని లైన్లో ఉంచి ఇవతలి వాళ్ళని కేకేసేదాన్ని. తీగ లైన్లు తీసేసిన రోజున, ఇదే నంబరు సెల్‌ఫోనులో వేసి ఇమ్మని ఆఫీసు ముందు రెండు రోజులు కూర్చున్నా. ఇచ్చారు. నన్ను వదిలించుకోవడానికి ఇచ్చారనుకో."

"బాగుందండీ. కానీ ఇప్పుడందరికీ సెల్‌ఫోన్లు ఉన్నాయి కదా?"

"నీకుంది. ఇక్కడ ఇంటికొకటి ఉంటే గొప్ప. అది కూడా పనికి పోయేవాడి జేబులో పోతుంది. ఇంట్లో మిగిలినవాళ్ళ సంగతేంటి? మీవాళ్ళు ఇంటింటికీ తిరిగి, నంబరు చెప్పకపోతే ఫారం ముందుకి జరగదని కూర్చున్నారు. ఎవరేం చెబుతారు? కంఠతా వచ్చిన నంబరు చెప్పారు. ఈ వీధిలో అందరికీ కంఠతా వచ్చింది ఇదొక్కటే."

"నమోదు చేసినమ్మాయికి తెలియొద్దా? అందరూ ఒకే నంబరు చెబుతుంటే అనుమానం రావద్దా?"

"దానికెందుకొస్తుంది? అది మా వీధి పిల్లే. దానిదీ ఇదే నంబరు."

"ఏంటీ!"

"అదిగో, చూసుకో నీ పెట్టెలో."

"నూట నలభయ్యో వరస... నిజమే. అయ్యో రామ! ఇది పైన తెలిస్తే నా ఉద్యోగం..."

"ఇంద, టీ. కంగారు పడకు. ఇంతమంది ఉన్నారని మీకెలా తెలిసింది?"

"ముందు పట్టించింది ఆ ఆరుగురి లెక్క కూడా కాదండీ. దేశంలో మేం వంద మెసేజీలు పంపితే ముప్ఫై ఎనిమిది మంది చూసి, చెప్పిన పని చేస్తారు. టీకాకి రమ్మంటే రావడం, ఫొటో దిగమంటే దిగడం, అలాంటివి. ఈ నంబరుకి పంపితే నూటికి నూరు మంది."

"మంచిదేగా!"

"మరీ మంచిదండీ. ఇంత బాగా ఎక్కడా జరగదు. అందుకని కంప్యూటరు ఎర్ర గుర్తు పెట్టింది."

"బాగా పనిచేస్తే ఎర్ర గుర్తా?"

"అలా కాదు..."

"అలాగే. ఇప్పుడు నువ్వే అన్నావు. పొద్దున్నించీ ముప్ఫై నలభై మెసేజీలు వస్తాయి నాయనా. ఒక్కొక్కటీ చదివి, ఎవరిది వాళ్ళకి అందిస్తా. కొట్టు కుర్రకారూ, కూలికి పోయేవాళ్ళూ, దారిన పోతూ 'ఫోనమ్మా, నాకేమైనా వచ్చిందా' అని తొంగిచూసి మరీ పోతారు."

"ఇంత చిన్న అక్షరాలు మీరెలా చదువుతున్నారు?"

"భూతద్దం ఉంది. ఈ కంట్లో శుక్లం పెరిగిపోయింది, వచ్చే గురువారం ఆస్పత్రిలో తీస్తామన్నారు. ఆ మెసేజీ కూడా నేనే చదువుకున్నా. ఉండు, ఫోను. హలో! ఆ, చెప్పు... ఆవిడా? నీళ్ళకి పోయింది... లేదు, దెబ్బలాటకి కాదు, నీళ్ళకే... పది నిమిషాలాగి చెయ్యి. ఆ. పెట్టెయ్. ఎక్కడున్నాం?"

"రుజువు దగ్గరున్నాం. నేను మచ్చుకి కొన్ని వరసలు చదువుతా. మనిషెవరో మీరు చెప్పాలి. పేర్లు మాత్రం చదవకూడదు, అవి రహస్యం. వయసూ, పనీ చెబుతాను."

"మా వీధి మనుషుల పేర్లు నా దగ్గర రహస్యమా?"

"నిబంధన అండీ."

"కానియ్."

"పన్నెండో వరస. స్త్రీ, అరవై ఒకటి, బట్టల ఇస్త్రీ."

"ఇస్త్రీ బండి వదిన. ఎంతా? అరవై ఒకటా? నాకు యాభై ఐదని చెప్పిందే! దొరికింది ఇవాళ!"

"అమ్మగారూ! వయసు బయట పెట్టకూడదు."

"నేనెక్కడ పెడతాను? దానికొక్కదానికే చెబుతా."

"ఎనభై మూడు. పురుషుడు, ముప్ఫై నాలుగు, పని లేదు."

"పని లేదని ఎవడు రాశాడు? బంగారంలాంటి వడ్రంగి! చెయ్యి విరిగి మూడు నెలలు ఇంట్లో ఉన్నాడు, సరిగ్గా అప్పుడే ఊడిపడ్డారు మీవాళ్ళు. దిద్దు."

"దిద్దడం ఇవాళ్టి పని కాదండీ."

"దిద్దు నాయనా. వాడికి సంబంధాలు చూస్తున్నారు. పని లేదని మీ పట్టికలో ఉంటే పిల్లనెవరిస్తారు?"

"పట్టిక ఎవరికీ చూపించరండీ."

"అయినా దిద్దు."

"...దిద్దాను. నూట యాభై ఒకటి. స్త్రీ, పంతొమ్మిది, విద్యార్థిని."

"పాలాయన రెండో కూతురు. నర్సు చదువుతోంది. మొదటి ఏడాది తప్పింది, ఇంట్లో చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

"నేనెవరికి చెబుతానండీ! రెండొందల ఆరు. పురుషుడు, డెబ్భై ఎనిమిది, గడియారాల మరమ్మతు."

"టీ చల్లారుతోంది, తాగు."

"తాగుతాను. తెలీదా ఈయన?"

"తెలీకేం. ఇరవై ఏళ్ళు ఈ పక్క గదిలోనే కూర్చున్నాడు. పోయి నలభై రోజులైంది."

"మరి పట్టికలో బతికే ఉన్నారు! ఇదిగో, ఇలాంటివే మేం వెతికేది. ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్పా. ఆయన పోయిన వారానికి మీ మెసేజీ వచ్చింది, ఫలానా రోజు కళ్ళ పరీక్షకి రమ్మని. దాని కిందే జవాబు కొట్టా, 'ఆయన లేరు బాబూ, ఇక పిలవకండి' అని. 'ఈ నంబరుకి జవాబు పంపడం కుదరదు' అని తిరిగొచ్చింది. మళ్ళీ పంపా. మళ్ళీ అదే. మూడుసార్లు పంపా."

"మాకు జవాబులు రావండీ. మేం పంపడమే."

"అదే నేననేది. మా బూత్‌లో రెండువైపులా మాట్లాడుకునేవాళ్ళు. ఏంటి, ఏం రాసుకుంటున్నావు?"

"మీరన్నమాటే. పైవాళ్ళకి చెబుతాను. ఆయన పేరు తీసేస్తున్నానండీ."

"తీసెయ్యి. ఆ మెసేజీ వచ్చినప్పుడల్లా వాళ్ళావిడకి చెప్పలేక, దాచలేక చస్తున్నా."

"ఇక మూడొందల పదకొండు. మీరు చెప్పినవన్నీ సరిపోయాయి. నాకు నమ్మకం కుదిరింది."

"హమ్మయ్య."

"నాకు కుదిరితే చాలదండీ, కంప్యూటరుకి కుదరాలి. ఒక పద్ధతుంది. నేను ఏదో ఒక వరసకి ఆరంకెల కోడ్ పంపుతాను, మీ ఫోనుకి వస్తుంది. ఆ మనిషి స్వయంగా వచ్చి, ఈ చిన్న యంత్రం మీద వేలిముద్ర వేసి, ఆ కోడ్ చెప్పాలి. పావుగంటలో రావాలి. లేకపోతే దొంగపేరు కిందే లెక్క."

"పావుగంటా? అంతసేపెందుకు?"

"దేశమంతా అదే గడువండీ. పంపుతున్నా. నలభై ఏడో వరస. పురుషుడు, యాభై రెండు, సెలూను."

"వీధి చివర, నీళ్ళ ట్యాంకు దాటాక. నువ్వా తలుపు తియ్యి. ఓ దర్జీ! ఓయ్ దర్జీ! మిషను ఆపు! సెలూను ఆయన్ని రమ్మను! ఆ, ఇప్పుడే! ప్రభుత్వం పిలుస్తోందని చెప్పు! లేదులే, అలా చెబితే పారిపోతాడు! నేను పిలుస్తున్నానని చెప్పు!"

"అలా అరిస్తే వస్తారా?"

"దర్జీ ఇస్త్రీ బండికి అందిస్తాడు. ఇస్త్రీ బండి ట్యాంకు దగ్గర వాళ్ళకి. అక్కడి నుంచి సెలూను ఎంతని, ఒక్క కేక. నువ్వు టీ తాగు."

"బాగుందండీ టీ."

"వద్దన్నావుగా."

"...ఒక్క నిమిషం అయింది."

"మా అమ్మాయీ ఇంతే, పాలు పొంగేదాకా గడియారం చూస్తుంది. పాలు చూడదు. నీకు పెళ్ళయిందా?"

"లేదండీ. రెండు నిమిషాలు."

"మీ అమ్మ ఫోను ఎత్తుతావా, లేకపోతే నీ ఉద్యోగంలోలాగే జవాబులుండవా?"

"ఎత్తుతానండీ. అంటే, ఎత్తుతూనే ఉంటాను. మీటింగుల్లో కుదరదు. మూడున్నర నిమిషాలు."

"ఇవాళ చెయ్యి ఒకసారి. అదిగో వచ్చాడు."

"ఏంటి ఫోనమ్మా, పిలిచావట! సగం గడ్డం వదిలేసి పరిగెత్తుకొచ్చా!"

"ఎవరిది?"

"హెడ్మాస్టరుది. నురగతో అలాగే కూర్చున్నాడు పాపం. ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు. ఈ బాబుకి వేలు చూపించు. కోడ్ నేను చెబుతా, నువ్వు పలుకు. నాలుగు, సున్నా, తొమ్మిది..."

"నాలుగు, సున్నా, తొమ్మిది..."

"రెండు, రెండు, ఏడు."

"రెండు, రెండు, ఏడు. దేనికిదంతా?"

"నువ్వున్నావో లేదో చూస్తున్నారు."

"ఎర్ర లైటు వచ్చిందండీ. వేలికి సబ్బుంది. తుడుచుకుని మళ్ళీ పెట్టండి... ఆ, పచ్చ! వచ్చింది!"

"అంటే ఉన్నట్టేనా బాబూ?"

"ఉన్నట్టేనండీ."

"మా ఆవిడకి కూడా ఒక కాగితం రాసివ్వండి. ఇంట్లో ఉన్నా లేనట్టే చూస్తుంది. వస్తానమ్మా, నురగ ఎండిపోతుంది!"

"నాలుగు నిమిషాల పది సెకన్లు! అమ్మగారూ, మా హెడ్డాఫీసులో పక్క గదిలో మనిషిని పిలిస్తే అరగంట పడుతుంది."

"ఇవాళ ఆలస్యమైంది. దర్జీ మిషను తొక్కుతుంటే వినపడదు. ఇంకెవరు?"

"మచ్చుకి ముగ్గురు చాలు, ఇంకో ఇద్దరిని పిలవాలి. పన్నెండూ, నూట యాభై ఒకటీ."

"వదినని మాత్రం నేనే పిలుస్తా. దాని వయసు సంగతి తేల్చుకోవాలి."

"అమ్మగారూ!"

"సరే సరే. ఏమీ అనను. ఓ దర్జీ!"

"...అందరూ వచ్చేశారు. ముగ్గురికీ పచ్చ గుర్తే. ఇస్త్రీ ఆవిడెందుకండీ అలా విసురుగా వెళ్ళిపోయారు?"

"ఏమో మరి. 'అరవయ్యేళ్ళకి బాగానే నడిచొచ్చావు' అని మెచ్చుకున్నానంతే. ఇక అయిపోయినట్టేగా?"

"దొంగపేర్లు కావని తేలిపోయింది. కానీ ఆ ఆరుగురి నిబంధన అలాగే ఉంది. మనుషులు నిజమే అయినా, ఏడోవాడిని ఒప్పుకోదు."

"మరి ఇంతసేపూ ఎందుకు పరిగెత్తించావు నాయనా వాళ్ళని?"

"దారి వెతకాలంటే ముందు ఇది తేలాలి. ఉండండి, చూస్తున్నా... టైమెంతయింది? నాలుగూ నలభై... ఆ! ఉంది! ఒక గడి ఉంది! సంస్థ!"

"సంస్థ అంటే?"

"హాస్టలు, ఆస్పత్రి, జైలు, అనాథాశ్రమం. వాటికి ఒకే నంబరు మీద ఎంతమందైనా ఉండొచ్చు. మిమ్మల్ని సంస్థగా రాసేస్తే సరి! అందరూ మీ కిందికి వచ్చేస్తారు!"

"రాయి మరి! జైలని మాత్రం రాయకు."

"ఏ రకమని రాయను?"

"హాస్టలని రాస్తే?"

"రాయొచ్చు. భోజనాలు చూడడానికి తనిఖీకి వస్తారు."

"అమ్మో, వద్దు. వేరే ఏమున్నాయి?"

"'ఇతరములు' అని ఉంది."

"అదే రాయి. ఏ ఆఫీసుకి పోయినా నన్ను అందులోనే రాశారు."

"సంస్థ పేరు?"

"ఫోనమ్మ."

"అది మిమ్మల్ని పిలిచే పేరు కదండీ?"

"సంస్థని కూడా అదే అని పిలుస్తారు."

"పని వేళలు?"

"లేచినప్పట్నుంచి పడుకునేదాకా."

"సెలవులు?"

"ఒకసారి జ్వరమొచ్చింది."

"సిబ్బంది ఎంతమంది?"

"నేనూ, దర్జీ గొంతూ."

"ఒకరని రాస్తున్నా. సంస్థ ఉద్దేశం?"

"అంటే?"

"ఎందుకు పెట్టారు అని."

"మా ఆయన పోయాడు, పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. కాళ్ళావేళ్ళా పడితే ఒక గదీ, ఒక లైనూ ఇచ్చారు. మొదటి రోజు ఒక్క ఫోనూ రాలేదు. రెండో రోజు వచ్చింది, ఎవరో కొడుకు పరీక్ష పాసయ్యాడని. వాళ్ళ ఇల్లు ఎక్కడో తెలీదు, వెతుక్కుంటూ పోయి చెప్పా. ఆ తల్లి నన్ను పట్టుకుని ఏడ్చేసింది. అప్పట్నుంచీ..."

"అమ్మగారూ, ఇరవై అక్షరాలే పడతాయి."

"పిలవడం అని రాయి."

"పిలవడం... పట్టింది. అంతేనండీ! ఇక ఇది నొక్కితే అయిపోయినట్టే."

"నొక్కు మరి."

"ఒక్క నిమిషం..."

"ఏమైంది? ఎందుకాగావు?"

"ఏం లేదండీ."

"ఏం లేకపోతే మొహం అలా ఎందుకు మాడ్చుకున్నావు?"

"టీ ఉందా ఇంకొంచెం?"

"టీ సంగతి తర్వాత. ఏమంటుంది నీ పెట్టె?"

"ఏదో రాసింది. చూస్తున్నా. మీకు ఇంకో నంబరేమైనా ఉందా?"

"నాకెందుకుంటుంది?"

"మీ అమ్మాయిది?"

"దాని నంబరు మీద వాళ్ళ అత్తవారు ఆరుగురూ నిండిపోయారు. అబ్బాయిదీ అంతే. దేనికి?"

"నాది రాద్దామంటే అధికారి నంబరు రాయకూడదు. రాస్తే అదే మళ్ళీ పెద్ద ఎర్ర గుర్తు."

"నాయనా, నాకు సూటిగా చెప్పు. నేను చెడ్డ కబుర్లు చాలా మోశాను. నీళ్ళు నమిలితే నాకు తెలిసిపోతుంది."

"నంబరు సంస్థదైతే, ఇక మనిషిది కాదట. మీరు సంస్థ అయితే, పట్టికలో మనిషిగా ఉండరు. మిగతా మూడొందల పది మందీ ఉంటారు. మీ ఒక్కరి పేరే పోతుంది."

"ఆర్నెల్లు?"

"ఆర్నెల్లు. గురువారం ఆపరేషన్‌కి కార్డు పనిచెయ్యదండీ."

"నొక్కకపోతే?"

"మొదటి ఆరుగురూ మిగులుతారు. అందులో మొదటి పేరు మీదే. మీ కన్ను బాగవుతుంది."

"ఆ మూడో ఇంటి పిల్ల ఎన్నో వరస?"

"రెండొందల అరవై."

"టైమెంత?"

"నాలుగు నిమిషాలుంది. అమ్మగారూ, నా వల్ల కాదు. నేను లేనివాళ్ళని తీసెయ్యడానికి వచ్చాను. ఇంతసేపు ఎదురుగా కూర్చుని టీ ఇచ్చిన మనిషిని లేదని నేనెలా నొక్కను?"

"ఎందుకయ్యా అంత బెంగ? నొక్కు, నొక్కు. నేను లేనంటే ఈ వీధిలో ఎవడు నమ్ముతాడు?"